నా చావుకి నా పాట: కోరేది ఒకరు, మోగించేది ఇంకొకరు

బ్రిటన్‌లో పాప్ పాటలకి టాప్ టెన్ ఉన్నట్టే, అంత్యక్రియల్లో మోగే పాటలకీ ఒక టాప్ టెన్ ఉంది. కో-ఆప్ ఫ్యూనరల్‌కేర్ అని అక్కడ అంత్యక్రియలు జరిపించే పెద్ద సంస్థ ఒకటుంది. తమ చేతుల మీదుగా సాగిన కార్యక్రమాల్లో జనం ఏ పాటలు ఎక్కువగా అడిగారో చూసి, అప్పుడప్పుడూ ఒక జాబితా విడుదల చేస్తుంది. పత్రికలు దాన్ని సరదా వార్తగా వేసుకుంటాయి. 2014లో మొదటి స్థానం మాంటీ పైథాన్ హాస్యబృందం వాళ్ల ‘ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్’ది. 2019లో ఫ్రాంక్ సినాట్రా పాడిన ‘మై వే’ది. ఆ 2019 జాబితా మొదటి పదిలో చర్చి కీర్తన ఒక్కటి కూడా లేదు.

ఇలాంటి వార్త చదివితే మన ఇళ్లలో పెద్దవాళ్లు “అదేం మాటరా, నోరు ముయ్” అంటారు. కుర్రవాళ్లు తమ ప్లేలిస్ట్ తీసి చూసుకుంటారు. ఇద్దరూ నమ్మేది మాత్రం ఒకటే: అక్కడ మనిషి బతికుండగా ఒక పాట చెప్పి పోతాడు, పోయాక అది మోగుతుంది. కాస్త లోపలికి వెళ్లి చూస్తే సంగతి అంత సులువుగా లేదు. పాట ఎంచుకోవడం పోయినవాడి హక్కు కాదు, కోరిక మాత్రమే. ఆ కోరికకీ స్పీకర్‌కీ మధ్య చట్టం ఉంది, చర్చి గురువు ఉన్నాడు, గడియారం ఉంది, ఇంట్లోవాళ్లు ఉన్నారు.

అసలు సినిమా పాట, పాప్ పాట శవపేటిక దాకా ఎలా వచ్చాయో ముందు చూడాలి. దానికి మూలం సంగీతంలో లేదు, దహనంలో ఉంది.

శతాబ్దాల పాటు బ్రిటన్‌లో చావంటే చర్చి, ప్రార్థన పుస్తకం, చర్చి పక్కన గుంట. శవాన్ని కాల్చడం అక్కడ వింత. 1884లో వేల్స్‌లో విలియం ప్రైస్ అనే ముసలి వైద్యుడు పసికందుగా చనిపోయిన తన కొడుకు శరీరాన్ని కొండ మీద కాల్చబోతే ఊరు ఊరంతా ఎగబడింది, పోలీసులు పట్టుకెళ్లారు. ఆయన తనని తాను ప్రాచీన డ్రూయిడ్ మతపు పూజారిగా చెప్పుకునే మనిషి, వేషం కూడా అలాగే వేసేవాడు. కోర్టులో మాత్రం గెలిచాడు. చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది కలగనంత వరకు దహనం నేరం కాదని జడ్జి తేల్చాడు. మరుసటి ఏడాదే వోకింగ్ పట్టణంలోని క్రిమటోరియంలో, అంటే దహనశాలలో, మొదటి అధికారిక దహనం జరిగింది. 1902లో చట్టం వచ్చింది. అయినా జనం తొందరపడలేదు. పూడ్చేవాళ్ల కంటే కాల్చేవాళ్ల సంఖ్య ఎక్కువయ్యేసరికి 1968 వచ్చింది. ఇప్పుడు నూటికి ఎనభై మంది దాకా దహనమే.

ఈ మార్పుతో అంత్యక్రియల చోటు మారింది. క్రిమటోరియాలు చాలావరకు స్థానిక కౌన్సిళ్లవి. అందులో చాపెల్ అని పిలిచే హాలు ఉంటుంది కానీ అది ఏ ఒక్క చర్చిదీ కాదు. అడిగితే గోడ మీది సిలువ తీసి పక్కన పెడతారు కూడా. “ఈ పాట ఇక్కడ కుదరదు” అని చెప్పే అధికారం ఉన్న మనిషి ఆ హాల్లో లేడు. తర్వాత్తర్వాత చర్చి గురువు స్థానంలో సెలబ్రెంట్ అనే కొత్త వృత్తివాళ్లు వచ్చారు. మతంతో పని లేకుండా పోయినవాళ్ల జీవితకథ చెప్పి కార్యక్రమం నడిపిస్తారు. ఆర్గన్ వాయించే మనిషి పోయి క్యాసెట్ వచ్చింది, సీడీ వచ్చింది, ఇప్పుడు కంప్యూటర్. ఆర్గన్ ముందు కూర్చున్న మనిషికి వచ్చిన పాటలే వస్తాయి. కంప్యూటర్‌కి అన్నీ వచ్చు.

1997 సెప్టెంబర్ 6న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో డయానా అంత్యక్రియలప్పుడు ఎల్టన్ జాన్ పియానో ముందు కూర్చుని ‘క్యాండిల్ ఇన్ ద విండ్’ పాడాడు. 1973లో మార్లిన్ మన్రో మీద వచ్చిన పాట అది. మాటలు మార్చి డయానాకి పాడారు. రాజుల పట్టాభిషేకాలు జరిగే చోట పాప్ పాట వినపడ్డాక, ఊళ్లో చిన్న చర్చి గురువు “ఇది పద్ధతి కాదమ్మా” అని గట్టిగా అనడం కష్టమైంది.

కష్టమైందే కానీ మానలేదు. ఇంగ్లండ్ చర్చి నియమావళిలో బి 20 అని ఒక నిబంధన ఉంది. చర్చిలో ఏ సంగీతం వినిపించాలనే విషయంలో చివరి మాట గురువుది, అది ఆరాధనకి తగినట్టు ఉండేలా చూడటం ఆయన బాధ్యత. కొందరు గురువులు ఉదారంగా ఉంటారు, కొందరు ఉండరు. జాన్ లెనన్ ‘ఇమాజిన్’ దగ్గర చాలాసార్లు పేచీ వస్తుంది. స్వర్గం లేదనుకో అని మొదలయ్యే పాటని, స్వర్గానికి పంపుతున్నామని చెప్పే చోట ఎలా పెడతాం అని వాళ్ల ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అదే పాట బాణీని 2009లో లివర్‌పూల్ ఆంగ్లికన్ కథీడ్రల్ గంటల మీద మోగించారు. లెనన్ సొంత ఊరు కదా, అక్కడ లెక్క వేరు. కాథలిక్కులు ఇంకాస్త కట్టుదిట్టం. పూజలో లౌకిక గీతాలు వద్దంటారు, తర్వాత భోజనాల దగ్గర మీ ఇష్టం అంటారు.

మాంటీ పైథాన్ పాట సంగతి చెప్పనక్కర్లేదు. 1979 సినిమాలో సిలువ మీద వేలాడుతున్న మనుషులు ఈల వేస్తూ పాడే పాట అది. రాసినవాడు ఎరిక్ ఐడిల్. అది చావు పాటగా మారడం వెనక ఒక నిజమైన చరిత్ర ఉంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో హెచ్‌ఎంఎస్ షెఫీల్డ్ ఓడకి క్షిపణి తగిలి తగలబడుతుంటే, కాపాడేవాళ్ల కోసం ఎదురుచూస్తూ నావికులు ఈ పాట అందుకున్నారు. 1989లో ఆ హాస్యబృందంలోని గ్రాహం చాప్‌మన్ చనిపోతే సంస్మరణ సభలో ఐడిల్ పాట ఎత్తుకున్నాడు, హాలంతా గొంతు కలిపింది. బ్రిటిష్ వాళ్లకి ఏడుపు రాకుండా ఉండటానికి జోకు వేయడం అలవాటు. ఆ అలవాటు తెలియనివాళ్లకి ఇది అగౌరవంలా కనిపిస్తుంది.

అరగంటలో మూడు పాటలు

క్రిమటోరియంలో ఎవరూ కాదనరు గానీ అక్కడ గడియారం ఉంది. స్లాట్లు ఉంటాయి. చోటుని బట్టి అరగంట, ముప్పావు గంట, కొన్నిచోట్ల గంట. అందులోనే లోపలికి రావడం, కూర్చోవడం, మాట్లాడటం, వెళ్లిపోవడం అన్నీ అయిపోవాలి. బయట తర్వాతి శవవాహనం వచ్చి నిలబడి ఉంటుంది. ఆలస్యమైతే కొన్నిచోట్ల అదనపు రుసుం వేస్తారు.

మామూలుగా పాటకి మూడు సందర్భాలు. శవపేటికని లోపలికి తెచ్చేటప్పుడు ఒకటి. మధ్యలో అందరూ మౌనంగా కూర్చున్నప్పుడు, లేదా తెర మీద ఫొటోలు నడిచేటప్పుడు ఒకటి. చివర్లో పేటిక ముందు తెర మూసుకున్నాక జనం బయటకి వెళ్తుంటే ఒకటి. వెస్లీ మీడియా, ఆబిటస్ లాంటి కంపెనీల సిస్టమ్స్ ఈ పని చేస్తాయి. ఏ పాట కావాలో ఫ్యూనరల్ డైరెక్టర్ ముందుగానే ఆన్‌లైన్‌లో నమోదు చేస్తాడు. సెలబ్రెంట్ బటన్ నొక్కితేనో, సైగ చేస్తే సిబ్బందిలో ఒకరు నొక్కితేనో పాట మోగుతుంది.

ఇక్కడ పోయినవాడి కోరిక మొదటి దెబ్బ తింటుంది. ఆరేడు నిమిషాల పాట ఎంచుకున్నాడనుకోండి. మోసేవాళ్లు పేటికని ముందుకి తెచ్చి దించడానికి రెండు మూడు నిమిషాలు చాలు. దించాక జనం నిలబడి, తర్వాత ఏం చేయాలో తెలియక, పాట అయ్యేదాకా నేల చూపులు చూస్తారు. లేదా సెలబ్రెంట్ మెల్లగా శబ్దం తగ్గించేస్తాడు. ఏ చరణం కోసం ఆ పాట కావాలన్నాడో ఆ చరణం వచ్చేలోపు పాట ఆగిపోతుంది. చివరి పాటకి ఇంకో చిక్కు. జనం లేచి వెళ్తూ మాట్లాడుకుంటారు కాబట్టి దాన్ని వినేది ఎవరూ ఉండరు. అందుకే హుషారు పాటలు చివరికి, బరువైనవి మధ్యకి పెట్టమని సెలబ్రెంట్లు చెబుతుంటారు. పాట మంచిదా కాదా అన్నదాని కంటే ఎక్కడ పెట్టారన్నదే అక్కడ ఎక్కువ తేడా చూపిస్తుంది.

శవానికి యజమాని లేడు

ఇక చట్టం. ఇంగ్లండ్ చట్టం ప్రకారం మనిషి శవం ఎవరి ఆస్తీ కాదు. కాబట్టి నా శరీరాన్ని ఇలా చేయండి, ఆ టైములో ఇది మోగించండి అని వీలునామాలో రాసినా అది కోరికగానే ఉంటుంది, ఆజ్ఞ కాదు. నిర్ణయం వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్‌ది. వీలునామా లేకపోతే భార్యది లేదా భర్తది, వాళ్లూ లేకపోతే దగ్గరి బంధువులది.

ఈ సూత్రం స్థిరపడిన కేసు నవలలా ఉంటుంది. హెన్రీ క్రూకెండన్ అనే ఆయన 1875లో చనిపోయాడు. తన శరీరాన్ని స్నేహితురాలు ఎలైజా విలియమ్స్‌కి అప్పగించాలని, ఆమె దాన్ని దహనం చేయాలని, ఆ ఖర్చు తన ఆస్తిలోంచి ఇవ్వాలని రాసిపెట్టాడు. కుటుంబం పట్టించుకోలేదు. లండన్‌లో బ్రాంప్టన్ శ్మశానంలో పూడ్చిపెట్టింది. వేల్స్‌లో మళ్లీ పూడుస్తానని చెప్పి ఎలైజా శవాన్ని తవ్వి తీసే అనుమతి సంపాదించింది, ఇటలీలో మిలాన్ దాకా తీసుకెళ్లి దహనం చేయించింది, బూడిద తెచ్చి వేల్స్‌లో పూడ్చింది. ఖర్చు ఇమ్మని కోర్టుకెక్కితే 1882లో ఓడిపోయింది. శవంలో ఆస్తిహక్కు లేదు కాబట్టి దాన్ని ఫలానావాళ్లకి ఇవ్వమనే రాతకి కట్టుబడాల్సిన పని లేదని తీర్పు.

ఏ పాట పెట్టాలా అని ఎవరూ కోర్టుకెళ్లరనుకోండి. కానీ మొదటి భార్య పిల్లలు, రెండో భార్య ఒకే గదిలో కూర్చుని ఫారం నింపే పరిస్థితి ఊహించండి. ఆ పాట ఎవరితో తిరిగిన రోజులదో అందరికీ తెలుసు. అక్కడ గెలిచేది పోయినవాడి ఇష్టం కాదు, సంతకం ఎవరిదైతే వాళ్ల మాట. ఇంకో మామూలు చిక్కు కూడా ఉంది. చాలా ఇళ్లలో వీలునామా తీసి చూసేది అంత్యక్రియలు అయ్యాకే. పాట పేరు అందులో మాత్రమే రాసుంటే అది ఎవరి చెవికీ చేరదు.

కోరిక అక్షరాలా నెరవేరిన సందర్భం కావాలంటే రాజకుటుంబం దగ్గరికే వెళ్లాలి. 2021 ఏప్రిల్ 17న విండ్సర్‌లో ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియలు. సంగీతం దగ్గర్నుంచి శవపేటికని మోసిన ల్యాండ్‌రోవర్ దాకా ఆయన ముందే నిర్ణయించి పెట్టుకున్నవే. నౌకాదళంలో యుద్ధానికి సిద్ధం కండి అని పిలిచే ‘యాక్షన్ స్టేషన్స్’ బాకా చివర్లో మోగించమన్నాడు, మోగించారు. కోవిడ్ నిబంధనల వల్ల సంతాపానికి వచ్చినవాళ్లు ముప్పై మంది, పాడినవాళ్లు నలుగురు. ఆయన కోరిక నిలబడిందంటే దాని వెనక ఏళ్ల తరబడి కాగితాలు తయారుచేసిన యంత్రాంగం ఉంది. మామూలు మనిషికి ఉండేది వంటగదిలో టేబుల్ చుట్టూ కూర్చున్న ముగ్గురు పిల్లలు, ఫ్యూనరల్ డైరెక్టర్ ఇచ్చిన ఒక ఫారం.

ఆ పిల్లలకి ఏం గుర్తొస్తుంది? మనస్తత్వవేత్తలు ఎప్పటినుంచో గమనించిన సంగతి ఒకటుంది. పది నుంచి పాతికేళ్ల మధ్య విన్న పాటలే మనిషి మనసులో గట్టిగా నాటుకుంటాయి. 1940లో పుట్టి ఎనభై అయిదేళ్లకి పోయిన మనిషి ఇరవయ్యేళ్ల వయసు 1960లోది. అందుకే జాబితాలో రెండో ప్రపంచ యుద్ధకాలపు గాయని వెరా లిన్ పాటలు మెల్లగా తగ్గుతాయి, రాక్ పాటలు ఎక్కుతాయి. చర్చి కీర్తనలు తగ్గడానికి నమ్మకం పోవడం ఒక కారణమైతే, బడిలో రోజూ కీర్తనలు పాడి పెరిగిన తరం వెళ్లిపోవడం రెండోది. అయితే పిల్లలకి నాన్న ఇరవయ్యేళ్ల వయసు తెలియదు. నాన్న కారులో పెట్టిన క్యాసెట్ తెలుసు. కాబట్టి మోగేది తరచుగా పిల్లల చిన్నతనపు పాటే, నాన్న యవ్వనపు పాట కాదు. దీన్ని నేను తప్పుపట్టను. వినేది వాళ్లే కదా.

పాట పుట్టుక వేరు, వాడకం వేరు అన్నదీ ఇక్కడ బాగా కనిపిస్తుంది. డాలీ పార్టన్ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యు’ రాసింది ఎవరో చనిపోయినందుకు కాదు. తనని పైకి తెచ్చిన గాయకుడు పోర్టర్ వ్యాగనర్ బృందం నుంచి బయటకి వచ్చేస్తూ, ఇక మన దారులు వేరని మర్యాదగా చెప్పడానికి రాసింది. 2012లో విట్నీ హ్యూస్టన్ పేటికని చర్చిలోంచి మోసుకెళ్తుంటే ఆమె గొంతుతోనే అది మోగింది. ఆండ్రియా బొచెల్లి, సారా బ్రైట్‌మన్ కలిసి పాడిన ‘టైమ్ టు సే గుడ్‌బై’ జనం నోట పడింది 1996లో, హెన్రీ మాస్కే అనే జర్మన్ బాక్సర్ ఆఖరి పోటీ దగ్గర. ఆ పోటీలో ఆయన ఓడిపోయాడు కూడా. లివర్‌పూల్ అభిమానుల ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ కథ ఇంకో రకం. 1945 నాటి ‘కేరోసెల్’ నాటకంలో భర్త చనిపోయిన స్త్రీని ఓదారుస్తూ పాడే పాట అది. 1963లో ఆ ఊరి బృందమే పాడి హిట్ చేసింది, ఫుట్‌బాల్ మైదానం ఎక్కింది, 1989లో హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్ అభిమానులు చనిపోయిన తొక్కిసలాట తర్వాత మళ్లీ చావు దగ్గరికి వచ్చింది. ఆ ఊళ్లో ఈ పాట కోరుకున్నవాడు సొంత రుచి చాటుకోవడం లేదు, తను ఎవరి మనిషో చెబుతున్నాడు.

మరి ‘మై వే’? నా దారిలో నేను బతికాను అని చెప్పుకోవడానికి వేలమంది అదే పాట ఎంచుకోవడం మీద జోకులు చాలానే ఉన్నాయి. నాకు ఆసక్తిగా అనిపించేది వేరే సంగతి. బాణీ ఫ్రెంచిది, ఇంగ్లీషు మాటలు పాల్ ఆంకావి, రికార్డు విడుదలైంది 1969లో. పాడిన సినాట్రాకే తర్వాత ఆ పాటంటే విసుగు పుట్టింది. 1998లో ఆయన అంత్యక్రియలప్పుడు చర్చిలో వినిపించిన రికార్డు ‘మై వే’ కాదు. తన పాత కార్యక్రమాల చివర్లో పాడే ‘పుట్ యువర్ డ్రీమ్స్ అవే’.

మన దగ్గర ఈ ప్రశ్నే తలెత్తదు. పాడె లేచాక ఏం మోగాలో కులం, ఊరు, నమ్మకం నిర్ణయిస్తాయి. తెలంగాణలో నిండు వయసులో పోయిన పెద్దాయనకి డప్పులుంటాయి, మనవళ్లు చిందులేస్తారు. కొన్ని ఊళ్లలో రాత్రంతా తంబురాతో తత్వాలు పాడతారు. కమ్యూనిస్టు కుటుంబాల్లో ఎర్రజెండా కప్పి జోహార్ల పాట పాడతారు, అది పార్టీ ఎంపిక. తెలుగు క్రైస్తవుల్లో మాత్రం “అమ్మకి ఇష్టమైన కీర్తన” అని అడిగి పాడించడం ఉంది, కానీ అదీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం లోపలి ఎంపికే.

పట్నాల్లో అయితే వైకుంఠ రథం, అందులో ఘంటసాల భగవద్గీత. 1974లో కన్నుమూసిన ఆ గాయకుడు జీవితం చివరి రోజుల్లో, బతికున్నవాళ్లు వినాలని పాడిన గీత అది. వీధిలో ఆ గొంతు వినపడితే ఇప్పుడు “ఎవరు పోయారు?” అని కిటికీ తీస్తాం. ఇంట్లో పొద్దున్నే పెడితే “ఆపరా బాబూ” అంటారు. అంటే మన దగ్గర జరిగింది సరిగ్గా తిరగేసిన పని. వాళ్లు బతుకులోని పాటని చావు దగ్గరికి తీసుకెళ్లారు. మనం బతకడం గురించి చెప్పే గీతని చావుకి ఇచ్చేసి, ఇంట్లోకి రానివ్వడం మానేశాం.

బ్రిటన్‌లో పాట ఎంచుకునేవాళ్లు పెద్దగా ఆలోచించని ప్రమాదం ఇదే. ఒకసారి పేటిక పక్కన మోగిన పాట మళ్లీ మామూలు పాట అవ్వదు. సూపర్ మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటుంటే పైన స్పీకర్లో అది వస్తుంది, చేతిలో బుట్ట వదిలేసి బయటకి రావాల్సి వస్తుంది. మీ ఆవిడ రోజూ వంట చేస్తూ కూనిరాగం తీసే పాటని మీ అంత్యక్రియలకి అడగడం ప్రేమలా కనిపిస్తుంది గానీ, ఆ పాటని ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టే. ఆమెకి అంత దగ్గరగా లేని పాట అడగడం మేలని నా ఉద్దేశం. ఇందులో నాతో గొడవపడేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ పాట వింటేనే మనిషి పక్కన ఉన్నట్టుందని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఈమధ్య ఇంకో దారి పెరుగుతోంది. డైరెక్ట్ క్రిమేషన్ అంటారు. హాలు లేదు, జనం లేరు, పాట లేదు. ఆస్పత్రి నుంచి నేరుగా తీసుకెళ్లి దహనం చేసి బూడిద ఇస్తారు, ఖర్చు బాగా తగ్గుతుంది. 2016 జనవరిలో డేవిడ్ బౌవీ పోయినప్పుడు ఏ కార్యక్రమం లేకుండా దహనం జరిగిందని తెలిశాక చాలామందికి ఈ మాట పరిచయమైంది. ఆయన పాటలు ఎందరి అంత్యక్రియల్లోనో మోగాయి, ఆయనకి మాత్రం అవసరం పడలేదు. ఇలా చేయించుకున్నవాళ్ల ఇంట్లోవాళ్లు తర్వాత ఏ పబ్‌లోనో, ఇంటి పెరట్లోనో కలిసి, గడియారం గొడవ లేకుండా పాట మొత్తం వింటారు.

ఇంతా విని కూడా ఒక పాట చెప్పి పోదామనుకునేవాళ్లు దాన్ని వీలునామాలో కాకుండా విడి కాగితం మీద రాసి, సంతకం పెట్టబోయే మనిషి చేతికే ఇవ్వడం మంచిది. పాట పేరొక్కటే రాస్తే చాలదు. ‘ఓవర్ ద రెయిన్‌బో’ అని రాశారనుకోండి. 1939 సినిమాలో జూడీ గార్లండ్ పాడినదా, ముప్పై మూడేళ్లకే చనిపోయిన ఈవా కాసిడీ పాడినదా? అంత్యక్రియల్లో ఎక్కువగా అడిగేది ఈవాది. క్రిమటోరియం సిస్టమ్‌లో ఆ పేరు కొడితే వరసగా ఎన్నో గొంతులు వస్తాయి. ఎవరి గొంతో, మూడు సందర్భాల్లో ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపినా ఫర్వాలేదో కూడా రాయాలి. లేకపోతే ఆ సాయంత్రం ఫారం నింపే అల్లుడు పైన మొదట కనిపించినదాన్ని నొక్కేస్తాడు.